కుండీ బయటే ఉండిపోయింది

అక్టోబరు, మంగళవారం రాత్రి. జర్మనీలో రెగెన్స్‌బర్గ్, క్రూజ్ షిప్‌లో.

మా ఆవిడ శారద మార్చిలో పోయినా బుకింగ్ మాత్రం ఇద్దరి పేరు మీదే ఉంది. అందుకే కేబిన్‌లో అన్నీ రెండేసి పెడుతున్నారు. ఇవాళ ఊరు చూడ్డానికి దిగేటప్పుడు, గైడు మాటలు వినే హెడ్‌సెట్లు అలవాటుగా రెండూ తీసుకున్నాను. ఒకటి చెవికి, ఒకటి జేబులో.

డాన్యూబ్ మీద పాత రాతి వంతెన చూస్తుంటే కెనడాలో మా ఊరు సార్నియా నుంచి శ్రావణి ఫోన్ చేసింది. కాలేజీ సెప్టెంబర్ ఇన్‌టేక్‌లో చదువుకోడానికి వచ్చి మా బేస్‌మెంట్‌లో అద్దెకు దిగిన పిల్ల. ఏడుస్తోంది.

"అంకుల్, రాత్రి మంచు పట్టేసింది. ఆంటీ కరివేపాకు మొక్క బయటే ఉండిపోయింది. ఆకులన్నీ నల్లబడిపోయాయి."

చలి మొదలవగానే ఆ కుండీ లోపల పెట్టడం ఇరవై ఏళ్ళుగా శారద పని. ఈసారి నేను పెట్టాలి. తాళాలు రెండుసార్లు చూసుకున్నాను గానీ అది గుర్తే రాలేదు. ఒంగోలు నుంచి మొన్న వచ్చిన పిల్లకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? అయినా ఒక్క క్షణం దాని మీదే కోపం వచ్చింది. ఛీ.

"నీ తప్పేం లేదమ్మా, నేనే మర్చిపోయాను" అన్నాను.

"ఆంటీకి ఇప్పుడే చెప్పకండి అంకుల్. ట్రిప్‌లో బాధపడతారు."

హాల్లో శారద ఫొటోకి నేనింకా దండ వెయ్యలేదు. ఆంటీ ఏరని ఆ పిల్ల అడిగితే, టొరంటోలో మా అమ్మాయి దగ్గరుంది, అక్కణ్ణుంచి ఇద్దరం క్రూజ్‌కి వెళ్తాం అనేశాను. ఎందుకలా అన్నానో...

జేబులో రెండో హెడ్‌సెట్ సన్నగా ఏదో చెబుతూనే ఉంది.

"చెప్పనులే అమ్మా" అన్నాను.