ఒత్తులు లేని దద్దమ్మ

జూన్ 3, సోమవారం

కంప్యూటర్ ముసలిది కాదు, అల్లుడు గారూ. పాతది. ప్రాణమున్నవి ముసలివవుతాయి, లేనివి పాతబడతాయి. రాత్రి భోజనాల దగ్గర మీరు ముసలిది అన్నప్పుడు మీ చూపు కంప్యూటర్ వైపు లేదు, నా వైపు ఉంది.

ఈ మాట ఆయన మొహం మీద అనలేను కనుక ఇక్కడ రాసుకుంటున్నాను. అత్తగారు అల్లుణ్ణి తిట్టకూడదు. "మీరు", "బాబూ" దాటి ఒక్క మాట జారితే మా అమ్మాయి మూతి ముడుచుకుని కూర్చుంటుంది. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ఇన్నేళ్లుగా తెలుగు తిట్ల నిఘంటువు తయారుచేస్తున్నదాన్ని. అ నుంచి హ దాకా సరుకంతా ఇంట్లోనే ఉంది. వాడే వీల్లేదు.

జరిగిందేమిటంటే, నిన్న నేను కొత్త కళ్లద్దాలు తెచ్చుకోవడానికి వెళ్లొచ్చేసరికి, ఆయన ఎక్కడినుంచో తెచ్చిన బంగారు రంగు డిస్కు పెట్టి నా కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేసేశారు. సర్‌ప్రైజ్ అట.

జూన్ 4

సర్‌ప్రైజ్ చూశాను. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌లో తెరుచుకోదు. నిఘంటువు ఫైలు తెరిస్తే తెలుగక్షరం ఒక్కటీ లేదు. అన్నీ స్టార్లు, డాలర్లు, తలకిందులైన ప్రశ్నార్థకాలు.

అల్లుడు గారు తొంగిచూసి, ఇంగ్లీషు కార్టూన్లలో తిట్లు ఇలాగే వేస్తారు కదా అత్తయ్య గారూ, అని నవ్వారు.

నేనూ నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి.

జూన్ 5, ఉదయం

నిఘంటువు అచ్చేసే ప్రెస్సాయన ఫోన్. సోమవారంలోగా పేజీలు అందకపోతే పాఠ్యపుస్తకాల పని మొదలవుతుందట, ఇక మన వంతు చలికాలానికేనట. ఆ పాత సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎప్పుడో తీసేశారట, పూర్తయిన పేజీలు పంపితే అచ్చేయడమే వాళ్ల పనట. చలికాలం దాకా నేనుంటానా లేదా అన్నది ఏ సెట్టింగ్స్‌లోనూ కనిపించలేదు.

సాయంత్రం

ఇంటర్నెట్‌లో కన్వర్టర్ ఉంటుందని అల్లుడు గారు ఫైలంతా అందులో పోశారు. తెలుగు వచ్చింది. ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. దద్దమ్మ కాస్తా "దదమ" అయింది. అక్కుపక్షి "అకుపకి". ఉయ్యాల్లో పిల్లకి పెట్టుకునే ముద్దుపేర్లలా ఉన్నాయి. ఎవరినైనా దదమ అంటే వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టిపోతారు.

తొంభై శాతం వచ్చేసింది కదా అత్తయ్య గారూ అన్నారు. పోయిన పది శాతంలోనే తిట్టంతా ఉంది.

జూన్ 6

కొత్త సిస్టమ్ నచ్చకపోతే కొన్నాళ్ల వరకు గో బ్యాక్ అనే బటన్ ఉంటుందని చదివి, సంబరంగా నొక్కాను. వెనక్కి వెళ్లడానికి కావలసిన ఫైళ్లు లేవంది.

అల్లుడు గారిని అడిగితే, చెత్త ఎందుకని అప్పుడే తుడిచేశానన్నారు. తిన్న కంచం తీయని మనిషికి అంత శుభ్రత ఎక్కణ్ణుంచి వచ్చిందో.

ఒకర్ని తిట్టాలనుకుని వాళ్లు వినేలా ఇంకోదాన్ని తిట్టడం మీద నా పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. వంటింట్లోకి వెళ్లి కుక్కర్ని పట్టుకున్నాను. అడక్కుండా నోరు పెట్టే దరిద్రమా, నిన్నెవరు పిలిచారే, ఉన్నది తగలేసేదాకా నీకు నిద్రపట్టదా అన్నాను. పాపం కుక్కరేం చేసిందమ్మా అంది అమ్మాయి.

హాల్లోంచి అల్లుడు గారు, కొత్త మోడల్ తెచ్చేద్దామా అత్తయ్య గారూ అన్నారు.

జూన్ 7

బీరువాలో పాత సిస్టమ్ డిస్కు కవర్ ఉంది. డిస్కు లేదు.

జూన్ 8, శనివారం

దొరికింది. బట్టలు ఆరేయడానికి వెళితే బాల్కనీ కమ్మీకి దారంతో వేలాడుతోంది. దాంతో ఇంకేం పని అని, పావురాలు బెదురుతాయని అల్లుడు గారే కట్టారట. పావురాలు బెదరలేదు. అద్దంలో చూసుకుని ముస్తాబవుతున్నాయి.

దింపాను. సబ్బునీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచాను. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఎక్కాయో లేదో అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూసుకున్నాను. అప్పుడు పాత డిస్కు పెట్టాను.

అల్లుడు గారు గుమ్మంలో నిలబడి, డౌన్‌గ్రేడ్ ఎవరూ చేయరు అత్తయ్య గారూ, లోకం ముందుకు పోతుంటే మీరు వెనక్కి పోతారేమిటి అన్నారు. దారిలో గొడుగు మరిచిపోతే మీరు ఎటు వెళతారు బాబూ అన్నాను.

సగం దాటాక ఆగిపోయింది. తీసి, తుడిచి, పెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ తుడిచాను. ఈసారి మూలిగి కదిలింది. ఆ తర్వాత టైపింగ్ సాఫ్ట్‌వేర్. ఆ తర్వాత ఫైలు.

దద్దమ్మ. రెండు ఒత్తులతో, నిండుగా.

కళ్లు చెమర్చాయి. ఒక దద్దమ్మని చూసి ఇంత ఆనందపడతానని అనుకోలేదు.

కానీ పగ ఎక్కడికీ పోలేదు.

జూన్ 9, ఆదివారం

ప్రూఫు చూడటానికి ఇద్దరు కావాలి. ఒకరు నా చేతిరాత కార్డులు పట్టుకుని మాట పైకి చదవాలి. రెండోవారు తెరమీద అది సరిగ్గా ఉందో లేదో చూసి అవును అనాలి. ప్రూఫులు చూసేవాళ్లందరి పద్ధతీ ఇదే. నా కల్పన కాదు.

అల్లుడు గారు తలగోక్కుంటూ వచ్చి, నావల్ల ఆలస్యమైంది, ఏదైనా సాయం చేయనా అత్తయ్య గారూ అన్నారు. ఇంత మంచి మాట ఆయన నోట వినడం అదే మొదలు. కూర్చోండి బాబూ, గట్టిగా చదవండి, నాకు చెవి కాస్త మందగించింది అన్నాను. నా చెవికేం రోగం లేదు.

అక్కుపక్షి అన్నారు. ఆయన్ని చూసి అవును అన్నాను.

అప్రయోజకుడు. అవును.

చవట. అవును.

తింగరి. అవును, అవును. అది కార్డులో రెండుసార్లు ఉంది.

అమ్మాయి గరిటె పట్టుకుని వచ్చి, కాసేపు విని, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. పక్కింటావిడ తలుపు తట్టి, మీ అల్లుడు ఎవరినో తెగ తిడుతున్నారు, అంతా క్షేమమేనా అంది. తిట్టడం కాదమ్మా, చదువుకుంటున్నారు అన్నాను.

దద్దమ్మ దగ్గర ఆగి, ఒత్తులు పడ్డాయా అత్తయ్య గారూ అని అడిగారు. పడ్డాయి బాబూ, చక్కగా అతికాయి అన్నాను.

శుంఠ దగ్గరికొచ్చేసరికి గొంతు పీలగా అయింది. హ అయ్యాక కార్డులు కిందపెట్టి, నన్నే చూస్తూ, అన్నింటికీ అవునన్నారు, ఒక్క తప్పూ లేదా అన్నారు.

పుస్తకంలో లేదు బాబూ అన్నాను.

జూన్ 10

పేజీలు ప్రెస్సుకి చేరాయి.

జూన్ 11

కమ్మీ ఖాళీ అయ్యేసరికి పావురాలకి అద్దం కరువైంది. బాబూ, సాయంత్రం వచ్చేటప్పుడు గట్టి నైలాన్ దారం ఒక ఉండ పట్టుకురండి. మీ బంగారు రంగు డిస్కు కవర్లోంచి తీసి టీపాయ్ మీద పెట్టాను. మీరే కట్టాలి, నాకు చేయి అందదు. ముడి గట్టిగా వేయండి.