తెల్లన్నం

కోయిలకుంట్ల,
1939 ఆగస్టు 8

నా ప్రియమైన పెనిమిటికి, మీ జీవమ్మ వందనాలు.

మీరు కర్నూలు నుంచి వచ్చేసరికి ఊయల ఖాళీగా కనిపించి ఉంటుంది. భయపడకండి. బిడ్డ నా ఒళ్లోనే ఉన్నాడు. మా అక్క ప్రేమమ్మ ఇంటికి వచ్చాను. చెబితే పోనివ్వరని చెప్పకుండా వచ్చాను.

మొన్నటి నుంచి వాడి ఏడుపు బొంగురుపోయింది. మన మొదటి ఇద్దరికీ ఇలాగే మొదలైంది కదా. మూడో నెల పడగానే గొంతు పోవడం, నోరు తెరిచి ఏడుస్తున్నా శబ్దం రాకపోవడం, ఆయాసం, ఆ తర్వాతది నేను రాయలేను.

ఇన్నాళ్లూ మీకు చెప్పని మాట ఒకటుంది. రెండో బిడ్డను మట్టిచేసి వచ్చిన రోజు అత్తమ్మ పక్కింటి రాహేలమ్మతో అంటుంటే విన్నాను. "ఇంగెవుర్ని అంటాం? దాని పాలే పిల్లోల్లకు ఇసమైనాయి" అంది. కోపంతో అనలేదు, ఏడుస్తూ అంది. అందుకే నమ్మాను. అప్పటి నుంచి నా ఒళ్లంటే నాకే అసహ్యం. ఈ బిడ్డకు పాలిస్తున్న ప్రతిసారీ వాణ్ణి చంపుతున్నట్టే ఉండేది.

అక్కకు ఏడు నెలల కూతురుంది, పాలకు కొదవలేదు. వీణ్ణి ఆమెకే ఇచ్చేస్తాను. ఆమె కొడుకుగానే పెరగనీ. నేను ఎక్కడైనా ఆసుపత్రిలో ఆయా పని చూసుకుంటాను. నన్ను వెతకొద్దు.

క్షమించమని అడుగుతూ,
జీవమ్మ

కోయిలకుంట్ల,
1939 ఆగస్టు 17

మన బిడ్డ తండ్రికి, జీవమ్మ సంతోషంతో రాస్తున్నది.

బిడ్డ బాగున్నాడు. ఈ మాట చదివి, కాసేపు ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత మిగతాది చదవండి.

ఆ ఉత్తరం టపాలో వేసిన మధ్యాహ్నమే వాడి గొంతు పూర్తిగా పోయింది. అక్క పాలు పట్టబోతే చీకలేకపోయాడు. పెదవులు నీలంగా మారాయి. నేను కదల్లేక కూర్చుండిపోయాను. అక్క నా చెంప మీద ఒకటి వేసి, "లెయ్యే! ఏడ్సేది తర్వాత ఏడుద్దువు" అని వాణ్ణి చంకనేసుకుని మిషను ఆసుపత్రికి పరుగెత్తింది. నేను వెనకాల తూలుకుంటూ పోయాను. కాన్పు అయినప్పటి నుంచి నా కాళ్లు మొద్దుబారి ఉన్నాయని మీకు చెప్పలేదు.

డాక్టరమ్మ జ్ఞానమణి బిడ్డ గుండె చూసింది, నా కాళ్లు నొక్కి చూసింది. "నువ్వు ఏం తింటాండావు?" అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. "బిడ్డ సచ్చిపోతాంటే నా తిండితో ఏం పనమ్మా?"

"శానా పని ఉండాది. సూది సిద్ధమయ్యేలోపల చెప్పు."

చెప్పాను. మిల్లు బియ్యం ఐదారు సార్లు కడిగి, గంజి వార్చిన అన్నం, ఉప్పు, వెల్లుల్లి కారం. బాలింతనని పప్పు లేదు, ఆకుకూర లేదు. మూడు కాన్పులకూ అదే పథ్యం. ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత వాడి తొడకు సూది వేసింది.

సాయంత్రానికి ఆయాసం తగ్గింది. దీపాలు పెట్టేవేళకు వాడు ఏడ్చాడు. గట్టిగా, వరండా అవతలికి వినపడేలా ఏడ్చాడు. ఆసుపత్రిలో అందరూ నావైపు చూసి నవ్వారు. నేను మాత్రం మన మొదటి ఇద్దరినీ తలుచుకుని, వీడితో పాటు వెక్కివెక్కి ఏడ్చాను.

మరునాడు డాక్టరమ్మ నా పక్కన కూర్చుని చెప్పింది. "అన్నం కడుపు నింపుతాది, పప్పు కండ పట్టిస్తాది. ఇవి కాక, చిటికెడు ఉన్నా చాలు, లేకపోతే మాత్రం ప్రాణం నిలవనివి కొన్ని ఉండాయి. వాటిని విటమిన్లు అంటారు. నీ బిడ్డకు సూదిలో ఇచ్చినదీ అదే. బియ్యానికి అవి తవుడులో ఉంటాయి. మిల్లోళ్లు ఆ తవుడు గీకి తీసేస్తాండారు. మిగిలిన రవ్వంత కూడా మీరు కడిగి, వార్చి పారబోస్తాండారు. నీ ఒంట్లోనే లేనిది నీ పాలల్లోకి యాడనుంచి వచ్చాది? నీ పాలు ఇసం కాదు తల్లీ. నువ్వు పస్తుండావు, అంతే."

రోజుకు రెండు పూటలు తెల్లన్నం తిన్న నేను పస్తున్నానట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇది చదివి మీరేమనుకుంటారో నాకు తెలుసు. పంతులు పని వచ్చిన నాడు మీరు నంద్యాల నుంచి మొదటి మిల్లు బియ్యం మూట భుజాన మోసుకొచ్చి, "మా అమ్మ బతుకంతా జొన్నసంగటే తినింది. నా పెండ్లాం తెల్లన్నం తినాల" అన్నారు. ప్రేమతో తెచ్చారు. అత్తమ్మ ప్రేమతోనే వార్చి పెట్టింది. తెలియక జరిగినదానికి మనలో ఎవరూ దోషులం కాదు. నేను ఆ రోజు ఆమె మాట విన్నానని ఆమెకు ఎప్పటికీ చెప్పకండి.

ఇప్పుడు అక్కతో పాటు సజ్జరొట్టె, కందిపప్పు, తోటకూర తింటున్నాను. డాక్టరమ్మ ఇచ్చే తవుడు కషాయం తాగుతున్నాను, చేదుగా ఉంటుంది. కాళ్లకు స్పర్శ వస్తోంది. వారం రోజులు అక్క పాలే పట్టాం. నిన్నటి నుంచి మళ్లీ నేనే ఇస్తున్నాను. తాగుతూ తాగుతూ ఆగి, నా ముఖం చూసి, మళ్లీ తాగుతాడు.

శనివారం బడి వదలగానే బయలుదేరి రండి. వీడు పుట్టి మూడో నెల, మీరు ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. మొదటి ఇద్దరినీ ఎత్తుకున్న చేతులు అవి, భయపడ్డారని నాకు తెలుసు. ఇక ఎత్తుకోండి.

మీ
జీవమ్మ