తువ్వాల బెల్టు

శుక్రవారం, రాత్రి

రేపు హైదరాబాద్‌లో ఎయిర్‌హోస్టెస్ ఇంటర్వ్యూ. ఇంగ్లిష్‌లో తడబడతానేమోనని పొద్దుటి నుంచీ ఒకటే ఫికర్. సాయంత్రం అవ్వనూ బాపునూ మంచం మీద కూర్చోబెట్టి, నడుములకు తువ్వాలలు చుట్టి, విమానంలో సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో చేసి చూపించాను. అవ్వ పడీ పడీ నవ్వింది. బాపు మాత్రం కళ్లార్పకుండా చూశాడు.

"ఇన్నేండ్లు దుబాయ్ పోయొచ్చిన గని, గిది ఒక్కసారి గూడ సూడలే బిడ్డా. పోయేటప్పుడు కండ్లల్ల నీళ్లు, వచ్చేటప్పుడు ఇంటి మీదనే పానం," అన్నాడు. "ఏదీ, మల్లొక్కసారి చెప్పు."

మళ్లీ చెప్పాను. మళ్లీ అడిగాడు. ఆఖరుకు నాకంటే ముందే అవ్వ చెప్పేయడం మొదలుపెట్టింది!

రేపు ఏమవుతుందో మరి... బాపు గురక వినిపిస్తోంది. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. నడుముకు తువ్వాల అట్లాగే ఉంది.