కోయమాటల్లో ఆయన నవ్వు

ఆదివారం. బాప్తిస్మం తెల్లబట్టలు ఆరు జతలు వాగు మట్టి వదిలేదాకా ఉతికాను. రేపటి ఇడ్లీకి పప్పు రుబ్బాను. బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను.

మా ఆయన, పాస్టరు గారు, ఇరవై ఏళ్లుగా చండ్రుగొండ అవతలి కోయగూడేనికి తిరుగుతూనే ఉన్నారు. ఒకసారి పోడు భూముల పట్టాలంటారు, ఒకసారి బోరంటారు, ఒకసారి పురుటి మనిషిని దవాఖానాకు చేర్చాలంటారు. ఇవాళ మొదటిసారి నన్నూ తీసుకెళ్లారు. అక్కడొక ముసలమ్మ కోయలో ఏదో అంటే, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. మా పెళ్లయ్యాక ఇంట్లో ఆ నవ్వు నేను వినలేదు. ఆ గూడెం మీద ఈర్ష్య పుట్టింది.

తిరిగి బండి మీద వస్తూ అడిగాను. "ఏంది, గంత నవ్విండ్రు? ఏమన్నదామె?"

"నువ్వెవరని అడిగింది. నా భార్యవన్న. 'నీకు పెండ్లాం గూడ ఉన్నదా! ఎప్పుడు జూసినా మా గూడెంలనే ఉంటివి, ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండ్రనుకున్న' అన్నది."

"దాంట్ల నవ్వేదేమున్నది?"

ఆయన బండి వేగం పెంచారు.

ఇన్నేళ్లూ నేను అనలేని మాట ఆమె ఒక్క పూటలో అనేసింది. ఆ గూడెం మీద ఈర్ష్య మాత్రం తగ్గలేదు. రేపూ అక్కడికే వెళ్తారట. నిమ్మకాయ పచ్చడి ఒక సీసా మూత బిగించి, ముసలమ్మకు ఇమ్మని ఆయన సంచిలో పెట్టాను. నా మాట అన్నందుకు ఆమెకు పడ్డ బాకీ వరకు చెల్లు.