బొట్టు పెట్టిన సర్వర్

5 అక్టోబరు 2009, సోమవారం

గురువారం మధ్యాహ్నం 3:40కి, ఉద్యోగంలోంచి తీసేసిన సతీష్ లాగిన్ రొయ్యల ఎగుమతి కంపెనీ ఆఫీసులో తెరుచుకుంది. విదేశీ బయ్యర్ల వివరాలున్న ఫైలు కాపీ అయింది. ఆ లాగిన్‌ను మూసేయాల్సిన మనిషి అడ్మిన్ సెక్షన్‌లో పనిచేసే జోసెఫిన్. శనివారం ఆమెను సస్పెండ్ చేశారు.

చెప్పింది ఆమె భర్త లూయిస్. ఫరంపేటలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటాడు. నేను విలేకరినైనా పేపర్లో వేయమని రాలేదు, వేయొద్దని వచ్చాడు. నిజం మాత్రం కనుక్కో బావా, పదమూడున విచారణ, దొంగ అని ముద్ర పడితే ఈవిణ్ణి ఇంకే కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు అన్నాడు.

జోసెఫిన్‌ను అడిగాను. సెప్టెంబరు 26 సాయంత్రం సతీష్‌ను తీసేశామని మేనేజర్ లక్ష్మణరావు చెప్పగానే మూసేశానండి అంది. ఆమె పుట్టిల్లు కనకాలపేట. సతీష్‌దీ కనకాలపేటే. రాసుకున్నాను.

6 అక్టోబరు

కంపెనీ సిస్టమ్స్ చూసే హరీష్‌ను కలిశాను. ఎవరి లాగిన్ తెరవాలో, ఎవరిది తెరవకూడదో తేల్చేది డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్ అట. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండాలని రెండు పెట్టారు. ఏ మార్పు చేసినా రెండింట్లోనూ నమోదవుతుంది. జోసెఫిన్ ఆ లాగిన్ మూసినట్టు రెండింట్లోనూ లేదు. ఒకటైతే తప్పు చెప్పిందనుకోవచ్చు, రెండూ కలిసి ఆవిడ మీద పగ పడతాయేంటండి అన్నాడు.

ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే నేనూ వార్త రాస్తాను. మరీ అక్షరం పొల్లు పోకుండా చెబితే మాత్రం ఆ ఇద్దరూ ఎక్కడ కలిశారో చూసుకుంటాను.

7 అక్టోబరు

జోసెఫిన్ అబద్ధం చెబుతోందనే అనిపిస్తోంది.

8 అక్టోబరు, సాయంత్రం

సతీష్ గోదావరి గట్టు మీద దొరికాడు. దాచలేదు. రావాల్సిన జీతం లెక్క తేల్చుకుందామని ఆ రోజు ఆఫీసుకు వెళ్తే గంటసేపు కూర్చోబెట్టారట. పక్కన కంప్యూటర్ ఖాళీగా ఉంది. ఊరికే పాత పాస్‌వర్డ్ కొట్టాడు. తెరుచుకుంది. పొమ్మన్నోడికి తలుపు తీసి పెట్టింది వాళ్లండి, వెళ్తే నాదా తప్పు అన్నాడు.

జోసెఫిన్ సాయం చేసిందా అని అడిగితే నవ్వాడు. ఆవిడా? స్టేప్లర్ అడిగితే సంతకం పెట్టించుకునే మనిషండి అన్నాడు.

9 అక్టోబరు

ఊళ్లో కంప్యూటర్ల మీద ఫీచర్ రాస్తానంటే లక్ష్మణరావు లోపల తిప్పి చూపించాడు. ఆ కంపెనీలో దసరా పూజకు ప్రతి మిషన్‌కూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. ఫ్రీజర్లకు, జనరేటర్‌కు, కాటాలకు, ఆఖరికి ప్రింటర్‌కు కూడా. బొట్లు ఇంకా చెరగలేదు.

సర్వర్ రూములో బొట్టున్న పెట్టె ఒక్కటే కనిపించింది. రెండో సర్వర్ ఏదని అడిగాను. ఆయ్, రెండూ అందులోనేనండి, వర్చువల్ అన్నాడు అక్కడే ఉన్న హరీష్. అసలు మిషన్ ఒకటే. దానిలోపల రెండు మిషన్లు వేర్వేరుగా ఉన్నట్టు నడుస్తాయి. అయితే దీనికేమైనా అయితే రెండింటికీ అయినట్టేగా అన్నాను. అవన్నీ ఎందుకండి, కంపెనీకి కరెంటు ఆదా అని రాయండి అన్నాడు లక్ష్మణరావు. సెప్టెంబరు 27 ఆదివారం అన్నీ ఆపి పూజ చేశామని, మంగళవారం దాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదని గొప్పగా చెప్పాడు.

మంగళవారం సర్వర్లు సరిగ్గా లేచాయా అని అడిగాను. హరీష్ ఏసీ రిమోట్ వెతుక్కోవడం మొదలుపెట్టాడు. రిమోట్ అతని చేతిలోనే ఉంది.

11 అక్టోబరు, ఆదివారం

జోసెఫిన్ చర్చి నుంచి వచ్చేదాకా వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. దసరా తర్వాత మంగళవారం ఏం జరిగిందో, చిన్నదైనా సరే, చెప్పమన్నాను. అంతకు ముందు శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమన్నారట. మంగళవారం ఆమె కొత్తది కొడితే పని చేయలేదు. పాతది కొడితే తెరుచుకుంది. మరిచిపోయానేమోనని సిగ్గుపడి ఊరుకుంది. సెక్షన్ మొత్తానికీ అంతే. నా కొత్త పాస్‌వర్డ్ అమ్మవారు పట్టుకుపోయిందర్రా అని లక్ష్మణరావు అందరి ముందూ నవ్వాడట.

హరీష్‌ను టీకొట్టు దగ్గర పట్టుకుని ఆ పాస్‌వర్డ్ సంగతి ఒక్కటే చెప్పాను. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. మంగళవారం రెండు సర్వర్లూ లేవలేదు. పూజకు ఆపాలి కదా అని శనివారం పొద్దున్నే రెండింటికీ స్నాప్‌షాట్, అంటే అప్పుడున్నది ఉన్నట్టుగా కాపీ, తీసి ఉంచాడు. దాన్నే వెనక్కి పెట్టాడు. అవి శనివారం పొద్దుటికి వెళ్లిపోయాయి. అప్పటికి సతీష్ ఇంకా ఉద్యోగి. సాయంత్రం జోసెఫిన్ చేసిన పని చేయనట్టే అయింది. ఒకటి వేరే పెట్టెలో ఉండుంటే ఆవిడ చేసింది అందులో మిగిలేదండి అన్నాడు.

విచారణలో చెబుతావా అన్నాను. చెబితే నా ఉద్యోగం పోద్దండి అన్నాడు. టీ సగం వదిలేసి వెళ్లిపోయాడు.

12 అక్టోబరు, సోమవారం

హరీష్ ఫోన్ చేశాడు. సర్వర్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి పెట్టమని లక్ష్మణరావు చెప్పాడట. ఎందుకని ఇతను అడగలేదు. మీకు చెప్పాలనిపించిందండి అని పెట్టేశాడు.

ఆ అమ్మవారి మాట విన్న సెక్షన్ వాళ్లందరూ విచారణలో ఉంటారు. లక్ష్మణరావును అడగమని జోసెఫిన్‌కు ఒక్క ప్రశ్న చెప్పాను. ఆ మంగళవారం మీకు ఏ పాస్‌వర్డ్‌తో తెరుచుకుంది సార్? పాతదంటే, శనివారం పొద్దుటి తర్వాత చేసినవన్నీ పోయాయని ఆయనే ఒప్పుకున్నట్టు.

రేపు తొమ్మిదికి సర్వర్ చెరిపేస్తారు. పదికి విచారణ.