అమ్మ ఒప్పుకుంది

హుయె, అన్ కూ బజారు,
1994 మార్చి 12.

చెల్లెలు యెన్‌కు,

అక్క త్రాం దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమమని రాయలేను. నువ్వక్కడ బాగుంటే అదే చాలు.

మంగళవారం పొద్దున నీ మొగుడు ఖాంగ్ మన కొట్టుకొచ్చాడు. రెండు పొయ్యిల మీదా పెద్ద అండాల్లో ఎముకల చారు మరుగుతోంది. నేను నిమ్మగడ్డి కట్టలు వేస్తున్నాను, అమ్మ పులిసిన రొయ్యల ముద్దను నీళ్లలో కలిపి తేరుస్తోంది. బల్లల దగ్గర పదిమంది తింటున్నారు. వదినా, నా పెళ్లాన్ని ఏ కుండలో దాచావని నవ్వుతూనే అడిగాడు. ముందు తిను, తర్వాత మాట్లాడదామని చారు పోసిన సేమ్యా గిన్నె పెట్టాను. అందులో ఉమ్మేశాడు.

అమ్మ ఏడాదిగా ఊరబెట్టిన చేపల సాసు జాడీ తన్ని పగలగొట్టాడు. నా జుట్టు పట్టుకుని మాంసం కొట్టే మొద్దు మీద తల అదిమాడు. కత్తి మెడకానించి నువ్వు దాక్కున్న ఊరి పేరు చెప్పమన్నాడు. అమ్మ అడ్డమొస్తే మోచేత్తో పొడిచాడు, పై పళ్లు రెండు రాలాయి. తింటున్నవాళ్లలో ఒక్కరూ లేవలేదు. మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకులే అని ఒకాయన అనడం నాకు వినబడింది. వాడు నా చెవి తమ్మె కోసేశాడు. అయినా నీ ఊరు చెప్పలేదు.

అప్పుడు అమ్మ మరిగే చారు అండాలు రెండూ వాడి మీద గుమ్మరించింది. ఆస్పత్రిలో రెండు రోజులు అరిచి, మొన్న పోయాడు.

పోలీసులొస్తే అమ్మ నోటి నెత్తురు తుడుచుకుని, నేనే పోశాను, రాసుకో నాయనా, ఈ పిల్ల జోలికి పోకు అంది. లాకప్‌లో అన్నం మెత్తగా వండడం చేతకాదని నిన్న నాతో విసుక్కుంది.

నువ్వింక ఎవరికీ భయపడనక్కర్లేదు. రా.

నీ అక్క,
త్రాం

తా.క. పైన రాసింది పోలీసులు రాసుకున్నది. అమ్మ తోసింది ఒక్క అండానే. అది వాడి కాళ్ల మీద పడింది. కత్తి జారిపోయింది. వాడు నేల మీద పడి, చాలు వదినా, నీ కాళ్లు మొక్కుతానన్నాడు. రెండో అండా నేనెత్తాను. తల మీద పోశాను. కావాలనే పోశాను యెన్. సోమవారం స్టేషన్‌కెళ్లి చెప్పేస్తాను. నన్ను ఉంచుకుని అమ్మను విడిచిపెడితే, ఇంటికి తీసుకెళ్లడానికి స్టేషన్ గుమ్మం దగ్గర ఒకరుండాలి. అందుకే రమ్మన్నాను.