అక్క అనే రొయ్య

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. మీ ఇంట్లో చేపలన్నీ క్షేమం. పసుపుపచ్చది, ఎప్పుడూ జోడీగా తిరిగే నారింజ రంగువి రెండు, రాతి కింద దాక్కునే పిరికిది, అన్నీ బాగున్నాయి. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలు సముద్రపు గాలికి ఒళ్లు చేసి, ఎండకు నల్లబడి, కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ కాగితం గొడవ ఏమిటని నువ్వు విసుక్కుంటావు. ఫోన్‌లో అయితే నేను రెండో మాట ఎత్తేలోపే "అది సరే గానీ అక్కా, నీళ్లెలా ఉన్నాయి?" అంటావు. కాగితానికి అడ్డు తగలడం నీ తరం కాదు. అందుకే మీరు దిగిన హోటల్‌కి కొరియర్‌లో పంపుతున్నాను. దీంతోపాటు ఒక కళ్లజోడు పెట్టె కూడా ఉంది. దాన్ని ఇప్పుడే తెరవకు. చిన్నప్పుడు పుట్టినరోజు పొట్లాలు ముందురోజే విప్పేసి మళ్లీ అంటించేవాడివి. ఆ బుద్ధి పోయిందనుకుంటాను.

నీ పొడవాటి మెసేజ్ చదివాను. సముద్రపు చేపల తొట్టి కదా, నీళ్లలో ఉప్పు సరిగ్గా ఉందా అని మూడుచోట్ల అడిగావు. ఉంది. నువ్వు చెప్పినట్టే ఉప్పు కొలిచే ఆ గొట్టం అద్దం మీద చుక్క నీరు వేసి, కంటికి పెట్టుకుని చూశాను. గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. కళ్లద్దాల షాపులో రోజూ పదిమంది చూపు పరీక్షించేదాన్ని, నాకే గీత కనపడదేమోనని నీకెందుకు అనుమానం వచ్చిందో తెలియదు. తొట్టిలో తగ్గిన నీటికి బదులు ఉప్పు కలపని నీళ్లే పోశాను. నీళ్లు ఆవిరై పోతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదని, మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే చేపలు బతికుండగానే ఊరిపోతాయని నువ్వు చెప్పిన మాట బాగా గుర్తుంది. మన ఇంటి సంగతీ అంతే కదా అనిపించింది. సెలవులు రాగానే అందరూ ఆవిరైపోతారు. అక్క అడుగున మిగులుతుంది.

మేత ఎక్కువ వేస్తున్నానేమో అని దిగులుపడ్డావు. నువ్వు వేసేదానికంటే తక్కువే వేశాను. నువ్వు చేపలు కొనే షాపాయనకి ఫోన్ చేస్తే ఆయన చెప్పాడు: "ఊరెళ్లినవాళ్ల చేపలు ఆకలితో చావవమ్మా, చూసుకునేవాళ్ల ప్రేమతో చస్తాయి." తినగా మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయట. నువ్వున్నప్పుడు అద్దానికి పట్టే నాచు ఇప్పుడు సగం కూడా లేదు. ఇది చదివి నీకు ఉక్రోషం వస్తుందని తెలుసు. రానీ.

పసుపుపచ్చది ఫోటోలో పాలిపోయి ఉందన్నావు. లైటు వేయకముందు తీసిన ఫోటో అది. నిద్రలేవగానే ఫోటో తీస్తే నువ్వూ అలాగే ఉంటావు. పంపు చప్పుడు చేయడం లేదు. పగలు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కూడా అడిగావు. నేను ఉద్యోగం చేస్తాను తమ్ముడూ. కళ్లు పరీక్షించే మిషన్ ముందు మనిషి గడ్డం పట్టె మీద ఆనించి కూర్చుని ఉంటే, చేప ఈదుతోందో లేదో చెప్పడానికి నేను లేచి వెళ్లలేను.

ఇక నేను అడగాల్సింది ఒకటుంది. ఈ సెలవులకి నేను ఊరు వెళ్తున్నానని నీకు ముందే చెప్పానా లేదా? మా షాపులో పనిచేసే ఇద్దరితో కలిసి కొండమీద చెరువు పక్కన గది మాట్లాడుకున్నామని, ఇన్నేళ్లకి మొదటిసారి నాకోసం సెలవు పెట్టానని చెప్పాను. నువ్వు తింటున్న ముద్ద ఆపకుండానే అన్నావు: "నీకేంటక్కా, ఎప్పుడైనా వెళ్లొచ్చు. పిల్లాజెల్లా లేరు. మాకు పిల్లల సెలవులు మళ్లీ రావు."

నీకేంటక్కా. ఈ మాటతో నా నెత్తిన ఎన్ని పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా? చిన్నాన్నవాళ్ల కుక్క, పిన్నివాళ్ల పూలకుండీలు, మరదలి పిల్లి, ఇప్పుడు ఏకంగా సముద్రం. హాల్లో సముద్రం పెట్టుకుని, దానికి నన్ను కాపలా పెట్టి, మీరు సముద్రం చూడ్డానికి వెళ్లారు. ఈ సంగతి షాపులో చెబితే మావాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా సెలవు రద్దు చేయించుకుని, బట్టలు సర్దుకుని మీ ఇంటికి వచ్చాను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

మీరు బయలుదేరే రోజు నీ చిన్నకూతురు నన్ను చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్లింది. రాతి గూట్లో నిలబడి, చేపలు దగ్గరికి రాగానే వాటి ఒంటి మీద మురికి ఏరి తినే ఆ ఎర్రచార రొయ్యని చూపించింది. "అత్తయ్యా, దీని పేరు అక్క. నాన్న పెట్టారు. ఇది అందరినీ శుభ్రం చేస్తుంది. దీనికి ఎక్కడికీ వెళ్లే పని ఉండదు" అంది. పసిపిల్ల, విన్నది చెప్పింది. నువ్వు సూట్‌కేస్ జిప్పు లాగుతూ పక్కకి చూశావు. మరదలు నవ్వు ఆపుకుంది. నేను రొయ్య చాలా బాగుందన్నాను.

మీరు వెళ్లిన వారానికి, ఒక ఉదయం లైటు వేసేసరికి ఆ రొయ్య ఇసుక మీద పక్కకి ఒరిగి పడి ఉంది. కాళ్లు ముడుచుకుని, తెల్లటి మీసాలు వాల్చేసి, కదలకుండా. చేపలు దాని మీదుగా తిరుగుతున్నాయి, ఒక్కటీ ఆగలేదు. నీకు ఏమని చెప్పాలా అని ముందు భయం వేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. చిన్నప్పుడు నువ్వు జ్వరంతో మూలుగుతుంటే కూడా అంత ఏడవలేదు. ఇన్నాళ్లూ అందరి ఒంటి మురికీ ఏరి, చివరికి దాన్ని పట్టించుకున్నది ఎవరు అని ఏడ్చాను. ఆ ఏడుపు రొయ్య గురించేనా అంటే, కాదు. నీకు దాచడం దేనికి?

చిన్న వలతో జాగ్రత్తగా పైకి తీసి, దూది పరిచిన కళ్లజోడు పెట్టెలో పెట్టాను. ఎక్కడైనా పాతిపెడదామని బ్యాగులో వేసుకుని పనికి వెళ్లాను. వెళ్లడమైతే వెళ్లాను గానీ, ఆ రోజంతా ఎవరి చూపు ఏమిటో నాకే సరిగ్గా తెలియలేదు. ఒకావిడకి వాళ్లాయన కళ్లజోడు ఇచ్చి పంపబోయాను.

మర్నాడు సాయంత్రం మేత వేస్తుంటే, రాతి వెనక నుంచి ముందు రెండు మీసాలు వచ్చాయి. తర్వాత రొయ్య వచ్చింది. అదే రొయ్య. మునుపటికంటే కాస్త పెద్దది, ఎరుపు మరింత ఎర్రగా, రాచఠీవిగా నడిచి వచ్చి ముందు తన మేత తను తిన్నది. నారింజ చేప ఒకటి వచ్చి శుభ్రం చెయ్యమని ఎదురుగా నిలబడితే, దాని మొహం కూడా చూడలేదు.

నేను పరుగున వెళ్లి, పాతిపెట్టకుండా బ్యాగులోనే ఉండిపోయిన పెట్టె తెరిచాను. అందులో ఉన్నది ఉత్త పెంకు. కాళ్లు, మీసాలు, కళ్ల మీది పొర, అన్నీ ఉన్నాయి. లోపల ఏమీ లేదు. షాపాయనకి మళ్లీ ఫోన్ చేశాను.

"చావలేదమ్మా, చొక్కా మార్చుకుంది" అన్నాడాయన. "పాతది బిగుతైపోతే వదిలేస్తుంది. కొత్తది గట్టిపడేదాకా ఎవరికీ కనపడదు. పెంకు చూసి కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు మాకు కొత్త కాదు."

ఫోన్ పెట్టేసి, దాని తర్వాత ఇంకో రెండు ఫోన్లు చేశాను. ఒకటి మా షాపు వాళ్లకి. రెండోది నీ బావమరిదికి. అవును, మరదలి తమ్ముడికే. మీ ఇంటికి రెండు వీధుల అవతల ఉంటూ, నీ కంటికి ఆనని మనిషికి.

"అదేంటి వదినగారూ, బావ నన్ను ఒక్కమాట అడగలేదు. అడిగితే చెయ్యనంటానా?" అన్నాడు.

"మీకు ఆఫీసు ఉంటుంది కదా అని అడగలేదట" అన్నాను.

"మీకూ ఉంటుంది కదండీ" అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో. ఈ మాట మన ఇంటివాళ్ల నోట ఇన్నేళ్లలో ఒక్కసారి రాలేదు. అతన్ని రెండు సాయంత్రాలు పక్కన నిలబెట్టుకుని అన్నీ నేర్పాను. మొదటిరోజు తగ్గిన నీటికి ఉప్పునీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రెండోరోజు తప్పు లేకుండా చేశాడు. ఇప్పుడు రోజూ నాకు ఫోటో పంపుతున్నాడు. పొద్దున వచ్చిన ఫోటో చూసే పైన క్షేమం అని రాశాను.

అర్థమైంది కదా? నేను మీ ఇంట్లో లేను. కొండమీద ఉన్నాను. షాపులో సెలవు మళ్లీ పెట్టి, ఆ ఇద్దరితో కలిసి వచ్చాను. కిటికీ పక్కన బల్ల వేసుకుని రాస్తున్నాను, ఎదురుగా చెరువు. పొద్దున మోకాళ్లదాకా దిగాను, కాళ్లు కొయ్యబారిపోయాయి, అయినా బయటికి రాలేదు. మావాళ్లు గట్టు మీద నుంచి పిలిచీ పిలిచీ ఊరుకున్నారు.

నిన్ను క్షమించమని అడగడం లేదు. నేను చేసింది తప్పు కాదు. నీ తొట్టిని గాలికి వదిలేయలేదు, తగిన మనిషికి అప్పగించాను. అతని మీద అరవకు. మీ ఇంటి తాళంచెవి అతని దగ్గరే ఉంది, ఇక మీదట కూడా ఉండనీ. మనసు ఆగక సెలవు మధ్యలో పరిగెత్తుకుని రావాలనిపిస్తే రా, నీ చేపలు, నీ ఇష్టం. నేను మాత్రం నా సెలవు అయిపోయేదాకా కదలను. తిరిగి వచ్చాక మీ ఇంటికి చుట్టంలా వస్తాను. కుర్చీలో కూర్చుంటాను, పిల్లలతో ఆడుకుంటాను, చేపల్ని చూస్తాను. నీ బూట్లకి లేసులు కట్టి బడికి పంపిన అక్కనే, నీ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. ప్రేమ ఉంది కాబట్టే ఎవరి చేతో చెప్పించకుండా నేనే రాస్తున్నాను.

మరదలికి నా దీవెనలు. చిన్నదానికి ముద్దులు. ఆ రొయ్యకి ఇంకేదైనా పేరు ఆలోచించమని దానికి చెప్పు.

ఇప్పుడు పెట్టె తెరువు. దూదిలో చుట్టాను, మెల్లగా విప్పు. మీసాలతో సహా ఉంది, చూడగానే అచ్చం అక్కే అనుకుంటావు. నేనూ అనుకున్నాను. అరచేతిలో పెట్టుకుని చూడు, బరువే ఉండదు. అక్క అందులో లేదు.

ఇట్లు,
కొండమీద నుంచి,
నీ అక్క